మట్టి నమూనా నుండి సంఖ్య వరకు: గామా వర్ణపట మాపనంలో డిజిటల్ పల్స్ రూపకల్పన

హైదరాబాదు పాతబస్తీకి నైరుతి అంచున, నెహ్రూ జంతు ప్రదర్శనశాలను ఆనుకొని మీరాలం చెరువు ఉంది. 19వ శతాబ్ది తొలి దశకంలో నిర్మితమైన ఈ చెరువు కట్ట అర్ధవృత్తాకారపు రాతి కమానుల వరుసతో కూడినది. ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు రాకముందు పాతబస్తీ ప్రజలకు త్రాగునీరు ఇచ్చిన చెరువులలో ఇది ముఖ్యమైనది. ఈ మూడు జలాశయాలకు నేల శాస్త్రజ్ఞుల దృష్టిలో ఒక విశేషం ఉంది. ఇవి మూడూ అణ్వాయుధ పరీక్షల కాలానికి ముందే కట్టినవి. అందువలన 1954 ప్రాంతం నుండి గాలి ద్వారా, వాన ద్వారా నేలకు దిగిన సీజియం-137 వీటి పరీవాహక ప్రాంతపు మట్టిని అంటిపెట్టుకొని, కోతకు గురైన మట్టితో పాటు చెరువు అడుగుకు చేరే అవకాశం ఉంది. పూడికతీతకు గురికాని చోట అడుగుమట్టిని గొట్టంతో తీసి పొరలుగా కోస్తే, సీజియం అత్యధికంగా ఉన్న పొర 1963 ప్రాంతానిదని గుర్తించవచ్చు. దాని పైన ఎంత మందం పూడిక చేరినదో కొలిస్తే ఆరు దశాబ్దాల పూడిక వేగం తెలుస్తుంది. ఇదే సూత్రంతో పొలంలోని మట్టికోతను అంచనా వేసే పద్ధతిని ఆహార వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఉమ్మడిగా ప్రోత్సహిస్తున్నాయి.

2015లో మిషన్ కాకతీయ మొదలైన తరువాత చెరువు పూడిక, దానిని పొలాలకు తోలడం తెలంగాణ విస్తరణ శాస్త్రవేత్తలకు నిత్య వ్యవహారమయ్యాయి. పూడిక ఎక్కడి నుండి, ఎంత వేగంగా వస్తున్నదన్న ప్రశ్న కూడా దానితోనే వచ్చింది. సీజియం పద్ధతి ఇచ్చే సమాధానం చివరకు ఒక సంఖ్య: కిలో మట్టికి ఇన్ని బెకరెల్‌లు. ఆ సంఖ్య ప్రయోగశాల నుండి వచ్చినపుడు దానిని యథాతథంగా స్వీకరించడం మన అలవాటు. అయితే మన ప్రాంతపు మట్టిలో ఆ సంఖ్య తేలికగా తప్పిపోగలదు. తప్పిపోవడానికి గల కారణాలలో ఒకటి నమూనా సేకరణలో గాని, రసాయన చర్యలో గాని ఉండదు. డిటెక్టర్ నుండి వచ్చే విద్యుత్ పల్స్‌ను మలచే తీరులో ఉంటుంది. ఈ వ్యాసం ఆ తీరును వివరిస్తుంది.

పక్కపక్కన రెండు రేఖలు

సీజియం-137 విడుదల చేసే గామా కిరణం శక్తి 661.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు (ఇకపై కి.ఎ.వో.). యురేనియం శ్రేణిలోని బిస్మత్-214 అనేక శక్తులలో గామా కిరణాలను ఇస్తుంది. వాటిలో 609.3 కి.ఎ.వో. రేఖ ప్రసిద్ధమైనది. అంతగా ఎవరూ పట్టించుకోని ఒక బలహీన రేఖ 665.4 కి.ఎ.వో. వద్ద ఉంది. బిస్మత్ విఘటనలు నూరింటిలో ఒకటిన్నర మాత్రమే ఈ రేఖను ఇస్తాయి. సీజియం విషయంలో నూరు విఘటనలకు 85 కిరణాలు వస్తాయి. అందువలన మధ్య అక్షాంశాలలోని దేశాలలో, సీజియం పుష్కలంగా ఉన్న మట్టిలో, ఈ పొరుగు రేఖను ఉపేక్షించినా పెద్ద నష్టం లేదు.

దక్కన్‌లో పరిస్థితి వేరు. అణుపరీక్షల ధూళి ఉత్తరార్ధగోళపు మధ్య అక్షాంశాలలో అధికంగాను, ఉష్ణమండలంలో తక్కువగాను దిగింది. సీజియం-137 అర్ధాయువు సుమారు 30 సంవత్సరాలు కనుక 1963లో దిగినది 2023 నాటికి నాలుగో వంతుకు తగ్గింది. మరొకవైపు హైదరాబాదు పరిసరాల నేలలు గ్రానైటు శిథిలమై ఏర్పడినవి. గ్రానైటులో యురేనియం, థోరియం, పొటాషియం పాళ్ళు ఇతర శిలలలో కంటే సాధారణంగా ఎక్కువ. అంటే వెదుకుతున్న వస్తువు తక్కువ, దానిని కప్పివేసే వస్తువు ఎక్కువ.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. కిలోకు 60 బెకరెల్‌ల రేడియం (దానితో సమతాస్థితిలో అంతే బిస్మత్-214) ఉన్న నేలను తీసుకుందాం. ప్రపంచ నేలల సగటు 30 నుండి 35 ప్రాంతంలో ఉంటుంది కనుక గ్రానైటు నేలకు ఇది అసాధారణమైన విలువ కాదు. దాని 665.4 రేఖను పొరపాటున సీజియంగా లెక్కిస్తే 60 × 1.5 ÷ 85, అనగా కిలోకు సుమారు 1.1 బెకరెల్‌ల సీజియం లేనిది ఉన్నట్లు కనబడుతుంది. ఇపుడు కోతలేని ఆధార స్థలంలో నిజమైన సీజియం 2 బెకరెల్‌లు, వాలు పొలంలో 1 బెకరెల్ అనుకుందాం. నిజమైన నష్టం 50 శాతం. రెండింటికీ 1.1 కలిస్తే అవి 3.1, 2.1గా కనబడతాయి. నష్టం 32 శాతమని తేలుతుంది. సగం సీజియం పోయిన పొలాన్ని మూడో వంతు కూడా పోలేదని నివేదించినట్లవుతుంది. ఆ నివేదిక మీద ఆధారపడి గట్లు వేయవలసిన వాలును వదలివేస్తే నష్టపోయేది రైతు.

ఈ రెండు రేఖల మధ్య ఎడం 3.7 కి.ఎ.వో. మాత్రమే. సోడియం అయోడైడ్ స్ఫటికానికి 662 కి.ఎ.వో. వద్ద శిఖరపు సగం ఎత్తు వెడల్పు సుమారు 7 శాతం, అంటే 46 కి.ఎ.వో. దానితో ఈ రేఖలను విడదీయడం ఏ గణనపద్ధతికీ సాధ్యం కాదు. అతిశుద్ధ జర్మేనియం డిటెక్టర్‌కు అదే వెడల్పు సక్రమంగా సర్దినపుడు ఒకటిన్నర కి.ఎ.వో. లోపు ఉంటుంది. అప్పుడు రెండు శిఖరాలు విడివిడిగా నిలుస్తాయి. సరిగా సర్దని పరికరంలో అది 3 కి.ఎ.వో.కు పెరిగితే చిన్న శిఖరం పెద్ద శిఖరపు భుజంలో కలిసిపోతుంది. రోజంతా లెక్కించినా కొన్ని వందల సంకేతాలు మాత్రమే వచ్చే నమూనాలో ఆ భుజాన్ని విడదీయడం నమ్మదగిన పని కాదు. ఒకటిన్నరకూ మూడుకూ మధ్య గల తేడాలో పెద్ద భాగం పల్స్ రూపకల్పన చేతిలో ఉంటుంది.

పల్స్ అంటే ఏమిటి

జర్మేనియంలో ఒక ఎలక్ట్రాన్-రంధ్ర జంట ఏర్పడటానికి సగటున 2.96 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. సీజియం గామా కిరణం తన శక్తినంతటినీ స్ఫటికంలో విడిస్తే సుమారు 2,23,000 జంటలు పుడతాయి. ఇంత స్వల్పమైన ఆవేశం అర పికోఫారడ్ కెపాసిటర్ మీద చేరితే సుమారు 70 మిల్లీవోల్టుల మెట్టు ఏర్పడుతుంది. ఆవేశం చేరడానికి కొన్ని వందల నానోసెకండ్లు పడుతుంది. ఆ మెట్టు వెంటనే పడిపోదు. పూర్వవర్ధకంలోని నిరోధం ద్వారా సుమారు 50 మైక్రోసెకండ్ల కాలాంకంతో మెల్లగా క్షీణిస్తుంది. మనకు కావలసినది ఆ మెట్టు ఎత్తు. ఎత్తును వెయ్యింట ఒక వంతు స్థాయి ఖచ్చితత్వంతో కొలవగలిగితేనే పై రెండు రేఖలు విడివడతాయి.

మెట్టు మీద ఎప్పుడూ విద్యుత్ రొద ఉంటుంది. దానిని స్థూలంగా రెండు విధాలుగా చెప్పవచ్చు. మొదటిది వర్ధకపు ట్రాన్సిస్టర్ నుండి వచ్చే వేగవంతమైన రొద. ఎక్కువసేపు సగటు తీస్తే ఇది తగ్గుతుంది. రెండవది డిటెక్టర్‌లో కారే విద్యుత్ ప్రవాహం వలన వచ్చే నెమ్మదైన రొద. ఎక్కువసేపు సగటు తీస్తే ఇది పెరుగుతుంది. మార్కెట్ యార్డులో గాలికి ఊగుతున్న కాటా ముల్లును చదివే గుమాస్తా ఇబ్బంది ఇటువంటిదే. తొందరగా చదివితే ముల్లు ఊగుడు తప్పు ఇస్తుంది. మరీ ఆగితే బస్తా తడి ఆరి బరువే మారుతుంది. వెనుక బండి కూడా వచ్చి నిలబడుతుంది. ఎంతసేపు ఆగాలన్నదే పల్స్ రూపకల్పనలోని ప్రధాన ప్రశ్న.

1990ల వరకు ఈ పనిని నిరోధాలు, కెపాసిటర్లు, వర్ధకాలతో చేసేవారు. హైదరాబాదుకు ఈ విద్యతో పాత సంబంధం ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు నేతృత్వంలో 1967లో ఇక్కడ నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అణు పరికరాలను, బహుమార్గ విశ్లేషకాలను దేశంలోనే తయారు చేసింది. అప్పటి సాధకులకు పల్స్‌ను గంట ఆకారంలోకి తెచ్చే వర్ధకం, దాని ముందు పలకపై కాలాంకం ఎంచుకునే మీట, తోకను సరిచేసే చిన్న మర బాగా పరిచితమైనవి. ఆసిలోస్కోపు తెర మీద తోకను చూస్తూ ఆ మరను త్రిప్పడంలోని నేర్పు ఇప్పుడు క్రమంగా మరుగవుతోంది.

సమలంబ రూపం

డిజిటల్ పద్ధతిలో పూర్వవర్ధకం నుండి వచ్చే వోల్టేజిని నేరుగా సంఖ్యలుగా మారుస్తారు. సెకనుకు 10 కోట్ల సార్లు, అనగా 10 నానోసెకండ్లకు ఒకసారి, 14 బిట్ల సూక్ష్మతతో చదవడం ఈనాడు సాధారణమే. ఆ తరువాత జరిగేదంతా కూడికలు, తీసివేతలు.

1994లో వాలెంటిన్ జోర్దానోవ్, గ్లెన్ నోల్ ప్రచురించిన సమలంబ రూప పద్ధతి నేటి పరికరాలలో అత్యధికంగా వాడుకలో ఉంది. దాని సారం ఇది. మెట్టుకు ముందు కొన్ని విలువల సగటు తీయాలి. మెట్టుకు తరువాత అన్నే విలువల సగటు తీయాలి. రెండవ దాని నుండి మొదటిది తీసివేయాలి. మెట్టు జరిగే క్షణం చుట్టూ ఉన్న కొన్ని విలువలను రెండింటిలోనూ చేర్చకుండా ఖాళీగా వదలాలి. ఈ గణనను కాలంతో పాటు జరుపుకుంటూ పోతే ఫలితం నేరుగా పైకి ఎక్కి, కొంతసేపు చదునుగా నిలిచి, నేరుగా దిగే సమలంబ చతుర్భుజంగా వస్తుంది. సగటు తీసిన వ్యవధి దాని పెరుగుదల కాలం. వదలిన ఖాళీ దాని చదును భాగం. చదును ఎత్తే గామా కిరణం శక్తి.

పెరుగుదల కాలం 8 మైక్రోసెకండ్లు అయితే సగటులో 800 విలువలు ఉంటాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రొద 800 వర్గమూలం మేరకు, అనగా సుమారు 28 రెట్లు తగ్గుతుంది. ప్రతి 10 నానోసెకండ్లకు 800 సంఖ్యలను మళ్ళీ మళ్ళీ కూడనక్కరలేదు. కొత్తగా వచ్చిన విలువను కలిపి, వ్యవధి దాటిపోయిన విలువను తీసివేస్తే చాలు. నాలుగు స్థానాలలోని విలువలు మాత్రమే ప్రతి అడుగులో తాకబడతాయి. అందువలననే ఎఫ్‌పీజీఏ అనబడే పునర్విన్యాస చిప్పులలో ఈ పద్ధతి అంత సులభంగా ఇమిడింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మెట్టు చదునైనది కాదు, 50 మైక్రోసెకండ్లతో క్షీణించేది. క్షీణతను ఉపేక్షిస్తే చదును భాగం వాలిపోతుంది. దిగిన తరువాత సంకేతం సున్నా కంటే కిందికి పోతుంది. విలువల కూడికను ఒక నిర్ణీత గుణకంతో కలిపి క్షీణించిన మేరను తిరిగి చేర్చడం దీనికి విరుగుడు. ఆ గుణకం క్షీణత కాలాంకం మీద మాత్రమే ఆధారపడుతుంది. పాత పరికరంలో మర త్రిప్పి చేసిన పనిని ఇక్కడ ఒక సంఖ్య చేస్తుంది. తయారీదారు 50 అని వ్రాసి ఇచ్చినా నిజమైన కాలాంకం 47 గాని 53 గాని కావచ్చు. దానిని సంకేతం నుండే కొలిచి పెట్టుకోవాలి.

చదును భాగం ఎందుకు అవసరమో కూడా తెలుసుకోవాలి. స్ఫటికంలో గామా కిరణం తగిలిన చోటును బట్టి ఆవేశం చేరే సమయం మారుతుంది. గంట ఆకారపు శిఖరం కొనను కొలిచినపుడు నెమ్మదిగా చేరిన ఆవేశం కొంత తక్కువగా నమోదవుతుంది. శిఖరం ఎడమవైపు తోక తీస్తుంది. చదును భాగం అత్యంత నెమ్మదైన ఆవేశ సేకరణ కంటే పొడవుగా, ఉదాహరణకు 1 మైక్రోసెకండు ఉంటే ఈ లోపం దాదాపుగా పోతుంది.

మట్టి నమూనాకు ఏ సర్దుబాటు తగును

పరికరాల ప్రచార పత్రాలలో సెకనుకు లక్షల పల్స్‌లను లెక్కించగల సామర్థ్యం ప్రముఖంగా కనబడుతుంది. రియాక్టరు వద్ద, యాక్సిలరేటరు వద్ద అది అవసరమే. సీసపు కవచంలో ఉంచిన మట్టి నమూనాకు దానితో పనిలేదు.

పెరుగుదల 8, చదును 1, దిగుదల 8 మైక్రోసెకండ్లు అయితే ఒక పల్స్ మొత్తం 17 మైక్రోసెకండ్లు ఆక్రమిస్తుంది. ఆలోపు రెండవ పల్స్ వస్తే రెండూ ఒకదానిపై ఒకటి పడి శక్తి తప్పుగా నమోదవుతుంది. కవచంలోని నమూనా నుండి సెకనుకు 20 పల్స్‌లు వస్తున్నాయనుకుంటే ఇలా జరిగే అవకాశం 20 × 17 మైక్రోసెకండ్లు, అంటే పదివేలకు మూడు నాలుగు. వేగవంతమైన మరొక సన్నని ఫిల్టరు ఈ కలయికలను గుర్తించి తిరస్కరిస్తుంది కూడా. కనుక నేల ప్రయోగశాలలో పెరుగుదల కాలాన్ని కుదించి పొందే లాభం ఏమీ లేదు, పోగొట్టుకునేది స్పష్టతే. వేగం కోసం సర్దిన అమరికతో మట్టిని కొలవడం నేల విభాగాలలో అరుదైన పొరపాటేమీ కాదు.

అయితే పెరుగుదల కాలాన్ని ఎంతైనా పెంచవచ్చునని అనుకోరాదు. కారు ప్రవాహపు రొద వ్యవధితో పాటు పెరుగుతుంది. విద్యుత్‌తో చల్లబరచే డిటెక్టర్‌లలో యంత్రపు కంపనం, ద్రవ నత్రజని పాత్రలో బుడగల కదలిక నెమ్మదైన అలలుగా సంకేతంలోకి చొరబడతాయి. పొడవైన సగటు వాటిని బాగా పట్టుకుంటుంది. ఒక డిటెక్టర్‌కు 10 మైక్రోసెకండ్లు ఉత్తమమైతే, గోడకు అవతల కంప్రెసర్ ఉన్న మరొక గదిలో అదే నమూనాకు 5 ఉత్తమం కావచ్చు. దీనికి సిద్ధాంతం కంటే ఒక పూట పరీక్ష మేలు. చిన్న సీజియం మూలకాన్ని ఉంచి పెరుగుదల కాలాన్ని 2 నుండి 16 మైక్రోసెకండ్ల వరకు మార్చుతూ ప్రతిసారి 661.7 శిఖరపు వెడల్పును నమోదు చేయాలి. గీసిన వక్రం తొట్టి ఆకారంలో వస్తుంది. తొట్టి అడుగే సరియైన స్థానం. పరికరాన్ని మరొక గదికి మార్చినపుడు, డిటెక్టర్ ఒకసారి వేడెక్కి తిరిగి చల్లబడినపుడు ఈ పరీక్షను మళ్ళీ చేయవలసి ఉంటుంది.

కాలంతో పాటు శిఖరం జరగడం మరొక సమస్య. ఒక్కొక్క మట్టి నమూనాను 24 గంటలు, ఒక్కోసారి అంతకు మించి లెక్కించాలి. ఆ వ్యవధిలో శిఖరం స్థానం వెయ్యింట రెండు వంతులు జరిగినా 662 వద్ద అది 1.3 కి.ఎ.వో. అవుతుంది. సగటు వర్ణపటంలో శిఖరం ఆ మేరకు వెడల్పవుతుంది. డిజిటల్ ఫిల్టరులోని గుణకాలు ఉష్ణోగ్రతతో మారవన్నది నిజం. కాని దాని ముందున్న పూర్వవర్ధకం, అంకీకరణ భాగపు ఆధార వోల్టేజి మారతాయి. డిజిటల్ అయినంత మాత్రాన స్థిరమైనదని భావించి రాత్రిపూట గది శీతలీకరణ ఆపివేసే ప్రయోగశాలలో ఫలితం ఉదయానికి తెలుస్తుంది. మట్టిలోనే ఉన్న పొటాషియం-40 ఇందుకు సహాయపడుతుంది. దాని 1460.8 కి.ఎ.వో. శిఖరం ప్రతి నమూనాలోనూ ప్రస్ఫుటంగా ఉంటుంది. గంటకొక వర్ణపటంగా విడివిడిగా భద్రపరచి, ఆ శిఖరాన్ని ఆధారంగా తీసుకొని ఒక్కొక్కదానిని సరిచేసి, తరువాత కూడితే జరుగుడు వలన వచ్చిన వెడల్పు పోతుంది.

ఇంత చేసిన తరువాత కూడా 665.4 రేఖ సహకారాన్ని లెక్కించి చూడటం మంచిది. అదే వర్ణపటంలోని 609.3 శిఖరం ఎత్తు తెలుసు. బిస్మత్ విఘటనలలో ఆ రేఖ వాటా సుమారు 45 శాతం, 665.4 రేఖ వాటా ఒకటిన్నర శాతం. కనుక 609.3 లెక్కలో సుమారు 3.4 శాతం, డిటెక్టర్ సామర్థ్యపు స్వల్ప తేడాను సవరించి, 665.4 వద్ద కనబడాలి. విడదీసిన శిఖరం ఈ అంచనాతో సరిపోతే ఫలితాన్ని నమ్మవచ్చు. సరిపోకపోతే పల్స్ సర్దుబాటును మొదట అనుమానించాలి.

పొలంలో తిరిగే పరికరం

చేతిలోగాని, ట్రాక్టరు మీదగాని పెట్టుకొని తిరిగే సోడియం అయోడైడ్ పరికరాల విషయం వేరు. వీటి పల్స్ కాంతి నుండి వస్తుంది. ఆ కాంతి సుమారు 230 నానోసెకండ్ల కాలాంకంతో క్షీణిస్తుంది. ఒక మైక్రోసెకండు వ్యవధి రూపకల్పన చాలు. ఇక్కడ రొదతో పెద్ద బాధ లేదు. బాధ అంతా ఎండతో. స్ఫటికపు కాంతి దిగుబడి ఒక్కొక్క డిగ్రీకి నూటికి 0.3 వంతు చొప్పున తగ్గుతుందనుకున్నా, ఉదయం 24 డిగ్రీల నుండి మధ్యాహ్నం 44 డిగ్రీలకు పోయినపుడు 6 శాతం మార్పు వస్తుంది. పొటాషియం శిఖరం సుమారు 88 కి.ఎ.వో. కిందికి జారుతుంది. శిఖరాన్ని అనుసరిస్తూ వర్ధనాన్ని ఎప్పటికప్పుడు సరిదిద్దే డిజిటల్ ఏర్పాటు లేకపోతే, ఉదయం నడిచిన సగం పొలంలో పొటాషియం ఎక్కువ, మధ్యాహ్నం నడిచిన సగంలో తక్కువ అని పటం చూపుతుంది.

పటం సరిగా వచ్చినపుడు కూడా విస్తరణ కార్యకర్త ఒక విషయాన్ని గుర్తుంచుకోవాలి. గామా కిరణం చెప్పేది నేలలోని మొత్తం పొటాషియం. నేలలో ఒక శాతం పొటాషియం ఉంటే కిలోకు సుమారు 310 బెకరెల్‌ల పొటాషియం-40 కనబడుతుంది. గ్రానైటు నుండి పుట్టిన చల్కా నేలలో అందులో అధిక భాగం ఫెల్డ్‌స్పార్, అభ్రకం ఖనిజాలలో బిగిసి ఉంటుంది. పైరుకు అందేది అందులో స్వల్పాంశం. ఈ పటాన్ని చూసి పొటాష్ ఎరువు మోతాదు నిర్ణయించరాదు. నేల రకాల హద్దులు గుర్తించడానికి, ఎక్కడెక్కడ మట్టి నమూనాలు తీయాలో నిర్ణయించడానికి ఇది ఉపకరిస్తుంది.

జర్మేనియం పరికరం నుండి వచ్చే సీజియం నివేదికలో పెరుగుదల కాలం, చదును భాగం, 661.7 వద్ద కొలిచిన వెడల్పు, లెక్కించిన గంటలు తప్పక పేర్కొనాలి. వెడల్పు ఒక్కటి ఉన్నా చదివేవారు 665.4 రేఖ విడివడినదో లేదో స్వయంగా నిర్ణయించుకోగలరు. వీలైన చోట పల్స్‌ల మూల రూపాన్నే భద్రపరచవచ్చు. ఒక్కొక్క పల్స్‌కు 20 మైక్రోసెకండ్ల సంకేతాన్ని దాచితే అది 2000 విలువలు, సుమారు 4 కిలోబైట్లు. సెకనుకు 20 చొప్పున రోజుకు 7 గిగాబైట్లు అవుతుంది. సర్దుబాటు తప్పని తరువాత తెలిసినా నమూనాను తిరిగి కవచంలోకి ఎక్కించనక్కరలేదు. దాచిన పల్స్‌ల మీదనే కొత్త పెరుగుదల కాలంతో ఫిల్టరును మళ్ళీ నడిపి, రెండు శిఖరాలు విడివడే వరకు చూడవచ్చు.